నాగరత్నం కింద రెండువేల నలభై ఆరుగురు

జూన్ పదో తేదీ సోమవారం ఉదయం పదిన్నరకు చింతలంకపేట పురపాలక సంఘం కార్యాలయంలో బొంతు నాగరత్నం ఇచ్చిన ఫిర్యాదును తీసుకున్నారు. ఇంకో ఇద్దరిని తీసుకుని రమ్మన్నారు.

నాగరత్నంది పిండి మర. మూడో వార్డులో సంత వీధి మొదట్లో ఉంది. మరకీ రోడ్డుకీ మధ్య మురుగు కాలవ. కాలవ మీద ఉన్న సిమెంటు పలక ఆదివారం విరిగి లోపల పడింది. మూడడుగుల ఖాళీ ఏర్పడింది. బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకున్న మనిషి మూడడుగులు గెంతడం కష్టం. ఆ సాయంత్రమే ఒకావిడ గెంతింది. ఆవిడ ఇవతల పడింది, డబ్బా కాలవలో పడింది. సోమవారం పదింటి దాకా మరకు ఒక్కరూ రాలేదు. రెండు వీధుల అవతల ఈమధ్యే ఇంకో మర పెట్టారు. దాని ముందు కాలవ లేదు.

ఫిర్యాదుల విభాగంలో సీనియర్ అసిస్టెంటు కామరాజు తెల్ల కాగితం మీద ఒక సున్నా చుట్టాడు. దాని కింద రెండు సున్నాలు, వాటి కింద నాలుగు చుట్టాడు.

"పై సున్నా మీరమ్మా."

"నేను సున్నానా?"

"ఇప్పటికి. కింద ఇద్దరు చేరితే కంచు ఫిర్యాదుదారు అవుతారు. ఆ ఇద్దరి కింద నలుగురు, నలుగురి కింద ఎనిమిది మంది. ఇది ఎడమ కాలు, ఇది కుడి కాలు. రెండు కాళ్లూ సమానంగా దిగాలి. పది వరసలు నిండితే మీరు వజ్ర ఫిర్యాదుదారు. వజ్రానికి పని చేసి పెడతాం."

"పలకేస్తే చాలు బాబూ. నాకెందుకు వజ్రం?"

"వజ్రం అయితేనే పలక."

"మరి కంచుకేం ఇస్తారు?"

"చప్పట్లు," అన్నాడు కామరాజు. లేచి నిలబడి కొట్టి చూపించాడు. పక్క బల్లల దగ్గర ఉన్న ఇద్దరు గుమస్తాలు కూడా లేచి కొట్టారు.

"పోనీ మేమే ఓ చెక్క పరుచుకుంటాం."

"కాలవ ప్రభుత్వ ఆస్తి. చెక్క వేస్తే ఆక్రమణ. మీ ఆయన మీద కేసవుతుంది."

కామరాజు నమోదు పుస్తకంలో మొదటి పేజీ మొదటి వరసలో ఆమె పేరు రాశాడు. ఆ పుస్తకం ఆ రోజే తెరిచారు.

కమిషనర్ మార్కండేయులు మే నెలలో సముద్రం ఒడ్డున ఒక హోటల్లో జరిగిన మూడు రోజుల శిక్షణ శిబిరానికి వెళ్లివచ్చారు. శిబిరం పేరు 'గొలుసు పాలన'. దాన్ని నడిపినవారు అంతకుముందు బలం పొడి డబ్బాలు అమ్మేవారు. జూన్ ఏడున కౌన్సిల్ చేసిన తీర్మానంలో ఇలా ఉంది: "ఒంటరి ఫిర్యాదు వ్యక్తిగత అసంతృప్తి మాత్రమే. గొలుసు ఫిర్యాదు సామాజిక చైతన్యం. కావున ప్రతి ఫిర్యాదుదారుడు తన దిగువన మరి ఇద్దరిని ప్రేరేపించి, తద్వారా తన ఫిర్యాదును ఉన్నత శ్రేణికి చేర్చుకొనవలసినదిగా నిర్ణయించడమైనది."

పథకానికి నాలుగు నిబంధనలు పెట్టారు. ఇంటికి ఒకే ఫిర్యాదు. ఇచ్చిన ఫిర్యాదు మార్చరాదు. ఫిర్యాదు లేనిదే ఏ పనీ చేయరాదు. ఫిర్యాదు పరిష్కారమైనట్టు రికార్డయితే అది రద్దవుతుంది, దాని కింది గొలుసు కూడా రద్దవుతుంది. ముందుగా అయిదు వార్డుల్లో అమలు చేసి చూడాలనుకున్నారు. ఆ అయిదు వార్డుల్లో ఉన్న ఇళ్లు 2,047.

నాగరత్నం మొదట భర్త వీర్రాజును తీసుకెళ్లింది. ఇంటికి ఒకటేనని కామరాజు వెనక్కి పంపాడు. రెండోసారి ఎదుటి ఇస్త్రీ బండి నూకరాజును తీసుకెళ్లింది. అతని బండి కింద కుక్కలు పడుకుంటున్నాయి. అతన్ని కుడి కాల్లో రాశారు. ఎడమ కాల్లో రిటైర్డు డ్రిల్లు మాస్టారు సుంకర ఆనందరావును రాశారు. ఆయన ఫిర్యాదు పార్కులో పాడైన కుళాయి.

ఆనందరావు మాస్టారికి ఈ విషయంలో అనుభవం ఉంది. పదేళ్లలో నాలుగు గొలుసుల్లో చేరారు. చివరిది అయస్కాంతం పరుపులది. అమ్ముడుపోని పరుపులు పదకొండు ఆయన హాల్లో ఉన్నాయి. వచ్చినవాళ్లు వాటి మీదే కూర్చుంటారు.

"ఇన్నాళ్లూ మనం తప్పు సరుకు పట్టుకున్నామమ్మా," అన్నారాయన నాగరత్నంతో. "పరుపు ఎవరికి కావాలి? ఇబ్బంది అయితే అందరి ఇంట్లోనూ ఉంటుంది. గోడౌను అక్కర్లేదు."

జూన్ పదహారు సాయంత్రం మాస్టారి భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని వీధి వీధీ తిరిగి బొట్టు పెట్టి పిలిచారు. బొట్టు పెట్టించుకున్నాక వెళ్లకపోతే బాగోదు. అరవై నలుగురు మాస్టారింటికి వచ్చారు. పేరంటమనుకుని వచ్చారు. శనగలు పెడతారనుకున్నారు. మాస్టారు నల్లబల్ల మీద సున్నాలు చుట్టారు.

"కళ్లు మూసుకోండి. మీ జీవితంలో పెద్ద ఇబ్బంది ఏంటో తలచుకోండి."

"మా ఆయనండి," అంది ముందు వరసలో ఒకావిడ.

"పురపాలక సంఘం పరిధిలోది తలచుకోండమ్మా."

"ఆయన మున్సిపాలిటీలోనే పని చేస్తారండి."

పుస్తకంతో వచ్చి కూర్చున్న కామరాజు నిబంధనలు చూసి ఆ ఫిర్యాదు చెల్లుతుందని చెప్పాడు. ఆ రాత్రి యాభై ఎనిమిది మంది సంతకాలు పెట్టారు. మిగతా ఆరుగురు శనగలు ఏవని అడిగి వెళ్లిపోయారు. మర్నాడు వాళ్లు కూడా పెట్టారు.

నాగరత్నం ఇంటింటికీ తిరగలేదు. మర వెనక గోడ ఉంది. పాత ఖాతాదారులు కొందరు పక్క దొడ్లోంచి వచ్చి ఆ గోడ మీదుగా డబ్బాలు అందించేవాళ్లు. ఆమె బియ్యం మరలో పోసి, సగం పిండయ్యాక మర ఆపేది.

"ఏమైంది వదినా, కరెంటు పోయిందా?"

"లేదు. ఇక్కడ సంతకం పెట్టు."

"దేనికి?"

"నీకేదో ఇబ్బంది ఉందని."

"నాకేం ఇబ్బంది?"

"నీ బియ్యం సగం మరలో ఉంది. ఇబ్బంది కాదా?"

ఈ పద్ధతిలో జూన్ ఆఖరుకి నూట పన్నెండు మంది చేరారు. ఊళ్లో మంగలి షాపులో కూడా ఇదే పద్ధతి మొదలుపెట్టారు. అక్కడ ఒక చెంప గీసి ఆపేవారు.

జూలై మొదటి వారానికి చింతలంకపేటలో పలకరింపులు మారాయి. బాగున్నారా అని అడగడం మానేశారు. అడిగితే అవతలి మనిషి తన కింద చేరమనేవాడు. నూకరాజు సొంత బావమరిది అతన్ని చూసి బస్సెక్కాడు. ఆ బస్సు ఎటు వెళ్తుందో ఎక్కాక అడిగాడు. నూకరాజు సైకిలు మీద తర్వాతి స్టాపుకు వెళ్లి అతన్ని చేర్చాడు.

జూలై ఇరవై నాటికి సంఖ్య 1,400 దాటింది. అసలు ఇబ్బందులు అప్పటికే అయిపోయాయి. కాకులు అరుస్తున్నాయని ఒకరు రాశారు. పక్కింటివాళ్ల పులుసు వాసన వస్తోందని ఒకరు, రావడం లేదని ఇంకొకరు రాశారు. బీమా ఏజెంటు ఒకాయన, వయసు యాభై రెండు, పట్టపగలు ఉండేలుతో వీధి దీపం కొడుతూ పట్టుబడ్డారు. "మా తోడల్లుడికి ఫిర్యాదు లేదండి. సాయం చేస్తున్నాను," అని చెప్పారు. కమిషనర్ ఆయన్ని వదిలేయమన్నారు. జూలై ఇరవై రెండున ఒక సర్క్యులర్ విడుదలైంది. అందులో "ప్రస్తుతం నెలకొన్న ఫిర్యాదుల కొరత దృష్ట్యా పౌరులు ఉన్న ఇబ్బందులను పొదుపుగా వాడుకొనవలెను" అని ఉంది.

మర్నాడు పారిశుద్ధ్య మేస్త్రీ అప్పలకొండ కుమ్మరి వీధిలో చెత్తకుప్ప ఎత్తించాడు. ఇరవై ఏళ్లుగా చెత్త ఎత్తిస్తున్నాడు. సర్క్యులర్ చదవలేదు. ఆ కుప్ప మీద ఒక ఫిర్యాదు, దాని కింద ముప్పై మంది గొలుసు ఉన్నాయి. అంతా కలిపి ముప్పై ఒక్కటి రద్దయ్యాయి. సాయంత్రం అతనికి మెమో ఇచ్చారు: "తమరు ఉన్నతాధికారుల అనుమతి లేకుండా చెత్తకుప్పను తొలగించి, ముప్పై ఒక్క కుటుంబాల పురోగతికి విఘాతం కలిగించినందున, తమపై చర్య ఎందుకు తీసుకొనరాదో తెలుపవలసినది."

"చెత్త కనపడింది. ఎత్తాను," అని అప్పలకొండ జవాబు రాయించాడు.

కుప్పను తిరిగి పోయమన్నారు. అతను ఒక ట్రాక్టరు ఎత్తాడు, రెండు ట్రాక్టర్లు తెచ్చి పోశాడు. కమిషనర్ అతని నిబద్ధతను మెచ్చుకుంటూ సర్వీసు రిజిస్టరులో రాశారు. ముప్పై ఒక్క మంది మళ్లీ చేరారు.

ఆగస్టు అయిదున శ్రావణం వచ్చింది. పిండి మరకు ఇదే సీజను. కొత్త మర ముందు డబ్బాలు వరసలో ఉన్నాయి. నాగరత్నం మరకు రోజుకు ఆరేడు డబ్బాలు గోడ మీదుగా వస్తున్నాయి. ఆగస్టు ఎనిమిదిన కొత్త మర యజమాని వచ్చి మోటారు చూసి వెళ్లాడు.

"అమ్మేద్దామే," అన్నాడు వీర్రాజు. "శ్రావణంలో పిండి పట్టకపోతే ఇంకెప్పుడు పడతాం? ఆయన నిన్ను కూడా పనిలోకి రమ్మంటున్నాడు. బియ్యం పోయడానికి."

"నా మోటారు దగ్గర నన్ను కూలికి రమ్మన్నాడా?"

"ఆ మాట ఆయన మర్యాదగానే అన్నాడు."

"ఇంక ఎంతమంది కావాలో కామరాజును అడుగు."

కామరాజు లెక్క చూశాడు. పది వరసలకు 2,046 మంది కావాలి. 2,045 మంది ఉన్నారు. ఎడమ కాలు నిండింది. కుడి కాల్లో చివరి వరసలో చివరి సున్నా ఖాళీ. అయిదు వార్డుల్లో చేరని ఇల్లు ఒక్కటే ఉంది. నాలుగో వార్డులో కొప్పిశెట్టి మంగతాయారు ఇల్లు. ఆమె వయసు డెబ్బై ఎనిమిది. ఒక్కర్తే ఉంటుంది. ఆమెకు ఇబ్బంది లేదు.

ఆగస్టు తొమ్మిదిన నాగరత్నం, ఆనందరావు మాస్టారు, కామరాజు ఆమె ఇంటికి వెళ్లారు. ఆమె అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"కుళాయి రెండ్రోజులకోసారి వస్తోంది కదా పిన్నీ?" అంది నాగరత్నం.

"నాకు రెండు బిందెలు చాలే."

"వీధి దీపం వెలగట్లేదు," అన్నారు మాస్టారు.

"చీకటి పడితే పడుకుంటాను."

"దోమలు?" అన్నాడు కామరాజు.

"తెర ఉంది."

"కుక్కలు అరుస్తాయి."

"అన్నం పెడితే అరవవు. మీరు పెట్టరు, అరుస్తాయి."

నాగరత్నం ఆమె పక్కన కూర్చుంది. "పిన్నీ, పలక లేక నా మర మూతపడుద్ది. నాకోసం ఒక్క ఇబ్బంది పడు."

"నీకోసం పడతానే అమ్మా. కానీ ఏదీ లేదు కదా. లేనిది ఉందని సంతకం ఎలా పెట్టను? ఇబ్బంది లేదని రాయి, ఇప్పుడే పెడతాను."

ఆ కాగితానికి నమూనా లేదని కామరాజు చెప్పాడు. ముగ్గురూ లేచారు. మంగతాయారు ముగ్గురికీ చిక్కుడుకాయలు ఇచ్చింది.

పదో తేదీన ఆరోగ్య అధికారిని ఆమె ఇంటికి పంపారు. ఆయన నివేదికలో రెండు వాక్యాలు ఉన్నాయి. "మనిషి స్పృహలో ఉన్నారు. ఇబ్బంది లేదనే అంటున్నారు."

పంతొమ్మిదిన ప్రాంతీయ సంచాలకులు పథకం చూడడానికి వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. అప్పటికి ఒక వజ్రమైనా ఉండాలని కమిషనర్ అన్నారు. పద్నాలుగున ఆయనే ఫిర్యాదు ఇచ్చారు. ఆయన క్వార్టర్స్ అయిదు వార్డుల జాబితాలో లేదు. దాన్ని ప్రత్యేక ఉత్తర్వు ద్వారా చేర్చారు. ఆయన ఫిర్యాదు ఇది: "పట్టణంలో ఫిర్యాదులు దొరకడం లేదు." కుడి కాల్లో చివరి సున్నాలో కామరాజు కమిషనర్ పేరు రాశాడు.

పంతొమ్మిదిన కల్యాణ మండపంలో నాగరత్నానికి కిరీటం పెట్టారు. మెడలో పట్టీ వేశారు. సంచాలకులు మాట్లాడుతూ, ఒక సామాన్య గృహిణి తన ఇబ్బందిని డెబ్బై రోజుల్లో రెండువేల నలభై ఆరు ఇబ్బందులుగా అభివృద్ధి చేశారన్నారు. తర్వాత మైకు ఆమెకు ఇచ్చారు.

"పలక ఎప్పుడేస్తారు?" అంది నాగరత్నం.

చప్పట్లు నాలుగు నిమిషాలు కొట్టారు.

ఇరవయ్యో తేదీ ఉదయం తొమ్మిదింటికి ట్రాలీ మీద పలక వచ్చింది. పొడవు నాలుగడుగులు, వెడల్పు మూడున్నర. అప్పటికే కాలవ ఖాళీ చుట్టూ మూడు వందల మంది నిలబడి ఉన్నారు. ఆనందరావు మాస్టారు ఖాళీకి అడ్డంగా అయస్కాంతం పరుపు వేసుకుని కూర్చున్నారు. పరుపు మధ్యలో కిందికి దిగింది.

"ఏంటిదంతా?" అంది నాగరత్నం.

నూకరాజు ముందుకొచ్చాడు. "అక్కా, పలకేస్తే నీ ఫిర్యాదు పోద్ది. నీది పోతే కింద మా అందరివీ పోతాయి. నా వరస అంతా పోద్ది."

"నా మర పోతోందిరా."

"డెబ్బై రోజుల్నించి కుక్కలు నా బండి కిందే పడుకుంటున్నాయక్కా. ఇస్త్రీ బట్టలకి బొచ్చు అంటుకుంటోంది. నేను ఊరుకోట్లేదా?"

"కుక్కల్ని తోలుకోరా."

"తోలితే నా ఫిర్యాదు పోదూ?"

"నన్ను చూడమ్మా," అన్నారు మాస్టారు పరుపులోంచి. "పార్కులో కుళాయి బాగుచేయడానికి ప్లంబరు వచ్చాడు. చేతులు పట్టుకుని బతిమాలి పంపించాను. త్యాగం నువ్వొక్కదానివే చేస్తున్నావా?"

"నాకు మీ త్యాగం వద్దు మాస్టారూ. నాకు పలక కావాలి."

"కిరీటం పెట్టించుకున్నప్పుడు ఆలోచించాల్సింది," అంది జనంలోంచి ఒకావిడ.

"నువ్వు పెట్టుకో తల్లీ ఆ కిరీటం. ఇంట్లో ఉంది, వీర్రాజు తెచ్చిస్తాడు."

పదకొండింటికి కమిషనర్ వచ్చారు. వజ్రానికి పని చేయాలని పథకంలో ఉంది. చేస్తే గొలుసు మొత్తం రద్దవుతుందని కూడా ఉంది. ఆయన న్యాయ సలహా అడిగారు. ఇరవై ఒకటిన సలహా వచ్చింది: "పలకను సమకూర్చుట, ఖాళీని మూయుట అనునవి రెండు భిన్నమైన క్రియలు. మొదటిది ఫిర్యాదుదారు హక్కు. రెండవది ఇతర ఫిర్యాదుదారులకు నష్టము. కావున పలకను ఖాళీ మూసుకొనని విధముగా అమర్చవచ్చును."

ఇరవై రెండున పలకను కాలవ ఖాళీ పక్కన, మర వైపు అంచు మీద నిలువుగా నిలబెట్టారు. అడుగున ఇటుకలు పేర్చారు. సిమెంటు స్టాకు లేదు. రోడ్డు వైపుకు ఆకుపచ్చ రంగు వేసి, "ప్రథమ వజ్ర ఫిర్యాదుదారు శ్రీమతి బొంతు నాగరత్నం గారి సౌకర్యార్థం సమకూర్చిన పలక" అని రాయించారు. కింద కమిషనర్, చైర్మన్, పదకొండు మంది కౌన్సిలర్ల పేర్లు రాయించారు. రిబ్బను కట్టి కత్తిరించారు. పలక నిలబెట్టాక రోడ్డు మీదనుంచి మర కనపడడం మానేసింది.

"ఇక మోటారు ఇప్పేద్దామా?" అన్నాడు వీర్రాజు ఆ సాయంత్రం.

"రేపు శుక్రవారం," అంది నాగరత్నం. "రేపొక్కరోజు చూద్దాం."

ఆగస్టు ఇరవై మూడు శుక్రవారం ఉదయం ఆరూ పదికి పలక పడిపోయింది. ముందుకు, రోడ్డు వైపుకు, కాలవ మీద పడింది. అక్షరాలు కిందికి ఉన్నాయి. ఖాళీ మూసుకుంది. నాలుగు వైపులా పలక నేలకు ఆనింది. ఎవరు తోశారన్నది తేలలేదు. పడినప్పుడు చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఆ సమయానికి పిండి మర నడుస్తోంది. మరలో బియ్యం ఏమీ లేవు.

ఎనిమిదింటికి నూకరాజు, పరుపు పట్టుకుని మాస్టారు, ఇంకో నూట యాభై మంది వచ్చారు. తొమ్మిదింటికి కమిషనర్, కామరాజు వచ్చారు.

"ఇది పరిష్కారం అయినట్టా సార్?" అన్నాడు నూకరాజు. "నా వరస పోయినట్టేనా?"

కామరాజు పుస్తకం తిప్పాడు. "పని చేసినట్టు రికార్డు ఉంటేనే పరిష్కారం. ఎవరూ చేయలేదు. అదే పడింది. ఆమె ఫిర్యాదు పెండింగే."

"అయితే మా లెక్క ఉన్నట్టేనా?"

"ఉంది."

నూకరాజు ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లిపోయాడు. మాస్టారు పరుపు చుట్టుకున్నారు. జనం పావుగంటలో తగ్గిపోయారు. కొందరు పలక మీంచి నడిచి వెళ్లారు.

కమిషనర్ వెళ్లలేదు. ఆయన పేరు పలక కింద ఉంది. "లేపి నిలబెట్టించండి," అన్నారు.

"ఫిర్యాదు లేనిదే ఏ పనీ చేయరాదు సార్. మూడో నిబంధన."

"అయితే నేనే ఇస్తాను."

"తమది వాడేశారు సార్. ఇంటికి ఒకటే."

"నాగరత్నాన్ని ఇమ్మనండి."

"ఆమెదీ వాడేశారు."

"ఇంకెవరు మిగిలారయ్యా ఈ వార్డుల్లో?"

కామరాజు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూశాడు. పదిహేను నిమిషాలు పట్టింది. "ఒక్కరు," అన్నాడు.

జీపు నాలుగో వార్డుకు వెళ్లింది. ఇంటికి తాళం ఉంది. ఆవిడ డబ్బా తీసుకుని సంత వీధికి వెళ్లిందని ఎదురింటివాళ్లు చెప్పారు. జీపు తిరిగి వచ్చేసరికి మంగతాయారు కాలవ దగ్గర ఉంది. చంకలో డబ్బా ఉంది. కామరాజు కాగితం, పెన్ను తీసి ఎదురు నిలబడ్డాడు.

"మామ్మగారూ, ఇక్కడ ఫలకం పడిపోయింది. చూశారా?"

"చూశాను నాయనా."

"పడిపోయిందని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. లేపి నిలబెడతాం."

"నిలబెడితే నేనెలా వెళ్లను?"

"గోడ మీదనుంచి డబ్బా అందించవచ్చమ్మా," అన్నారు కమిషనర్. "ప్రత్యామ్నాయ మార్గం ఉంది."

మంగతాయారు కాలితో పలకను ఒకసారి నొక్కి చూసింది. కదల్లేదు.

"నాకేం ఇబ్బంది లేదు నాయనా," అంది. కామరాజు పక్కకు జరిగాడు. ఆమె దాటి లోపలికి వెళ్లింది.

ఆమె డబ్బాలో నాలుగు కిలోల బియ్యం ఉన్నాయి. నాగరత్నం మర ఆపకుండా పట్టింది. మంగతాయారు వెనక పలక మీద ఇంకో ముగ్గురు డబ్బాలతో నిలబడ్డారు.